పౌడర్ తొట్టి దగ్గర నేర్చుకున్న పని

మొన్న ఆదివారం తడిబట్టల బకెట్టుతో డాబా ఎక్కాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. పైకి వెళ్ళాక కూడా కూర్చోవాలనిపించలేదు. చీర దులిపి తీగ మీద వేసి, "అమ్మా, ఎక్కేశానే" అని కిందికి కేకేశాను. "క్లిప్పులు పెట్టి రా, లేకపోతే గాలికి ఎగిరిపోతాయి" అంది అమ్మ వంటింట్లోంచి. నేను మెట్లెక్కడం ఇంట్లో మళ్ళీ మామూలు సంగతి అయిపోయింది. నాకు మాత్రం ఇంకా కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మా వైపు రొయ్యల కంపెనీల్లో ఏటా నాలాంటి డిగ్రీ పిల్లలు అప్రెంటిస్‌లుగా చేరుతుంటారు. వాళ్ళలో ఒక్కరైనా ఇది చదివి, తొట్టి మీదికి వంగే ముందు "ఇందులో ఏముంది?" అని అడిగితే నాకు చాలు. చల్లగా నీతులు చెప్పే ఓపిక నాకు లేదు. కోపం ఇంకా తగ్గలేదు, ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

మాది గుడివాడ. నాన్న ఒక ప్రైవేటు కాలేజీలో గుమస్తాగా చేసేవారు. నేను ఇంటర్‌లో ఉండగా గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచీ మాకు మగదిక్కంటే బాబాయే. బాబాయంటే మా అమ్మ చెల్లెలి భర్త. వాళ్ళుండేది మచిలీపట్నంలో, మా నోట్లో అది బందరే. నాన్న కర్మలు జరిపించింది ఆయనే, నన్ను డిగ్రీలో చేర్పించింది ఆయనే. ఇంట్లో గ్యాస్ స్టవ్ పాడైనా అమ్మ ముందు ఆయనకే ఫోన్ చేసేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దారిన పోయేవాడు మోసం చేస్తే ఇంత రాయక్కర్లేదు. నాలుగు తిట్టి ఊరుకుంటాం.

బాబాయి బంటుమిల్లి వైపు ఒక రొయ్యల కంపెనీలో పనిచేస్తాడు. కొత్తవాళ్ళకి పని నేర్పడం, సేఫ్టీ చూడడం రెండూ ఆయన పనే. నా బీఎస్సీ అయిపోగానే గుడివాడ వచ్చి కూర్చున్నాడు. "అమ్మలూ, ఏడాది అప్రెంటిస్‌గా చెయ్యి. తర్వాత ల్యాబులో పర్మనెంట్ చేయించే పూచీ నాది. మా ఇంట్లోనే ఉందువుగాని. నేనుండగా నీకేం భయం?" అన్నాడు. అమ్మ కళ్ళు ఒత్తుకుంది. నేను ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకున్నాను.

జూన్‌లో చేరాను. మొదటి రోజు మా బ్యాచ్‌ని ఒక గదిలో కూర్చోబెట్టి బాబాయి సేఫ్టీ పాఠం చెప్పాడు. తడి నేల మీద పరిగెత్తొద్దు. గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. మంటలార్పే సిలిండర్ పిన్ను ఇలా లాగాలి. చివర్లో గొంతు సవరించుకుని, "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ మీలో ఎవరికి ఏం జరిగినా ముందు జవాబు చెప్పాల్సింది నేను" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. అందరూ "సార్" అంటుంటే నేను పొరపాటున "బాబాయ్" అనేశాను. గదంతా నవ్వింది, ఆయనా నవ్వాడు.

పౌడర్ తొట్టి గురించి మాత్రం ఆ పాఠంలో ఒక్క ముక్క లేదు.

అదేమిటో చెబుతాను. పట్టిన రొయ్యకి కొన్ని గంటల్లోనే తల దగ్గర నలుపు మొదలవుతుంది. నల్లబడ్డ సరుకు బయటి దేశాల వాళ్ళు తీసుకోరు. అందుకని తొట్టిలో ఐసు నీళ్ళు పోసి, తెల్లటి పౌడర్ కలిపి, రొయ్యల్ని అందులో ముంచి తీస్తారు. పౌడర్ నీళ్ళలో పడగానే ఆర్పేసిన అగ్గిపుల్ల వాసనలాంటి ఘాటు లేస్తుంది. ఎంత కలపాలో చూడడానికి కాగితపు పట్టీలుంటాయి, ముంచితే రంగు మారతాయి. మూతికీ ముక్కుకీ బిగించుకునే మాస్కులు కూడా ఉంటాయి. రెండూ బాబాయి గదిలో అద్దాల బీరువాలో ఉండేవి. విదేశీ కంపెనీల వాళ్ళు చూడడానికి వచ్చే రోజున బయటికొచ్చి, వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ లోపలికి వెళ్ళేవి.

మిగతా రోజుల్లో పట్టీ మా ముక్కే. "తొట్టి మీదికి వంగి గాలి పీల్చు. ఘాటు ముక్కుకెక్కి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే సరిపోయినట్టు. తిరగలేదా, ఇంకో గరిటె వెయ్యి" అని బాబాయి తనే వంగి చూపించాడు. మాస్కు అడిగాను. "మాస్కు పెట్టుకుంటే ఘాటు ఎలా తెలుస్తుందే పిచ్చిదానా? వంట చేసేవాళ్ళు ముక్కు మూసుకుని పోపు వేస్తారా?" అన్నాడు. ఎంత బాగా కుదిరిందో ఆ మాట. నాకు నవ్వొచ్చింది కూడా.

నాకు ఆ పని బాగా పట్టుబడింది. నేను సరిపోయిందన్న తొట్టిలో తేడా వచ్చేది కాదు. పక్క తొట్ల వాళ్ళు కూడా నన్ను పిలిచి వాసన చూడమనేవాళ్ళు. బాబాయి మేనేజరు ముందు "మా అమ్మలు ముక్కు మీటరండీ" అన్నాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

జూలైలో దగ్గు పట్టుకుంది. మొదట వానాకాలం జలుబనుకున్నాం. పిన్ని రోజూ మిరియాల పాలు ఇచ్చేది, ఛాతీకి కర్పూరం నూనె రాసేది. పిన్ని కూతురు శ్రావణి నాకంటే ఏడాది చిన్నది, బ్యాంకు కోచింగ్‌కి వెళ్తుండేది. ఇద్దరం ఒకే గదిలో పడుకునేవాళ్ళం. ఒక పొద్దున జడ వేసుకుంటూ, "అక్కా, నువ్వు నిద్రలో ఈల వేస్తున్నావే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మధ్యాహ్నం కంపెనీలో రొయ్యల ట్రే ఎత్తబోతే ఆ ఈల నాకే వినబడింది. అప్పుడు నవ్వు రాలేదు.

అన్నం తింటుండగా బాబాయికి చెప్పాను. ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటూ, "కొత్తలో అందరికీ అంతేనమ్మా. గాలి అలవాటవ్వాలి" అన్నాడు. ఆయన చెప్పాక ఇక అనుమానం ఎందుకు? నేను ఆయన్ని డాక్టరు కంటే ఎక్కువ నమ్మాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మమ్మ అంటుండేది, నాకు ఆ సామెత అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది.

ఆగస్టులో వానలకి చెరువుల్లో రొయ్యలకి తెగులు సోకింది. రైతులంతా భయపడి ఒక్కసారే పట్టుబడి పెట్టి, చెరువుల్లో ఉన్న రొయ్యలన్నీ పట్టేశారు. లారీ మీద లారీ. ఐసు అందలేదు. పౌడర్ గదిలో గాలి బయటికి లాగే ఫ్యాను నేను చేరకముందే చెడిపోయి ఉంది. ఈగలు వస్తున్నాయని తలుపులు కూడా మూయించారు. "ఐసు వచ్చేదాకా ఆగితే సరుకు నల్లబడిపోతుంది. మామూలు నీళ్ళలోనే కలిపెయ్యి అమ్మలూ" అని బాబాయి తలుపు దగ్గర నిలబడి చెప్పి వెళ్ళిపోయాడు.

కలిపాను. ఐసు లేని నీళ్ళలో ఘాటు రెట్టింపుగా లేచింది. వంగాను. నాకు నేర్పినట్టే గట్టిగా పీల్చాను.

గొంతులో ఎవరో తలుపు వేసేసినట్టయింది. గాలి లోపలికి రాదు, బయటికి పోదు. అరుద్దామంటే అరవడానికీ గాలే కావాలి కదా. తొట్టి అంచు పట్టుకున్నాను, చేతులు జారిపోయాయి. చనిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. భయం కంటే ముందు ఆశ్చర్యం వేసింది, ఇంత చిన్న పనిలో చచ్చిపోవడమేమిటని.

రొయ్యల తలలు తీసే బల్ల దగ్గర మేరీ అక్క అని ఒకావిడ పనిచేసేది. ఆవిడ నన్ను చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. మొహం మీద నీళ్ళు కొట్టి, ఖాళీ ట్రే పట్టుకుని విసిరింది. కంపెనీ జీపులో బందరు ఆసుపత్రి దాకా నన్ను నిటారుగా కూర్చోబెట్టి తన భుజానికి ఆనించుకుంది. "నా వైపు చూడమ్మా, నాతో పాటు పీల్చు. పీల్చు. వదులు" అంటూనే ఉంది. ఆవిడ చీరంతా రొయ్యల వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టమే, ఎవరేమన్నా అనుకోనివ్వండి.

బాబాయి మా వెనకే బండి మీద వచ్చాడు. నాకు ఆక్సిజన్ పెట్టారు. కుర్ర డాక్టరు ఒకాయన, "ఇంతకుముందు ఆయాసంలాంటిదేమైనా ఉందా?" అని అడిగారు. లేదని తల ఊపాను. బాబాయి నా కాళ్ళ దగ్గర నిలబడి, చాలా మామూలుగా, "చిన్నప్పుడు ఉబ్బసానికి చేపమందు మింగిందండీ" అన్నాడు.

డాక్టరు రాసుకున్నారు. నేను మాస్కు లాగేసి ఏదో అనబోయాను. "మాట్లాడకూడదమ్మా" అని ఆయన మళ్ళీ పెట్టేశారు. ఆ అబద్ధం నా కళ్ళముందే నా జబ్బు చరిత్రైపోయింది. నా మూతి మీద మాస్కుంది, అడిగిన ఇన్నాళ్ళకి.

ఈ చేపమందు కథ చెప్పాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు శ్రావణికి ఆయాసం. పిల్ల రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోయేది. మృగశిర కార్తె నాడు దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక పల్లెలో ఒక పెద్దాయన చేపమందు ఇస్తారంటే రెండు కుటుంబాలూ కలిసి వెళ్ళాం. చిటికెన వేలంత బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టి, ఆ చేపని గొంతులోకి జారవిడుస్తారు. శ్రావణి చేపని చూసి ఏడుపు లంకించుకుంది, నోరు తెరవదు. బాబాయి నా దగ్గర గొంతుక్కూర్చుని, "అమ్మలూ, నువ్వు ధైర్యం కలదానివి కదా. నువ్వు ముందు మింగి చూపించు, నిన్ను చూసి అదీ మింగుతుంది" అన్నాడు. నేను మింగాను. గొంతులో చేప తోక కొట్టుకోవడం నాకింకా గుర్తుంది. నన్ను చూసి శ్రావణి మింగింది. బాబాయి నన్ను భుజాల మీద ఎక్కించుకుని బస్సు దాకా తీసుకెళ్ళాడు.

ఆయన కూతురి కోసం నేను మింగిన చేప అది. దాన్నే తెచ్చి నా మెడకి కట్టాడు.

కానీ ఆ రోజు నాకు అలా అనిపించలేదు. కంగారులో నోరు జారాడనుకున్నాను. ఎందుకంటే ఆసుపత్రిలో ఆయన్ని మించి నన్ను చూసుకున్నవాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే ఇడ్లీలు పట్టుకొచ్చేవాడు. నెబ్యులైజరు పొగ పీలుస్తుంటే వీపు రాసేవాడు. పక్క మంచం మీద నాగాయలంక నుంచి వచ్చిన ఒక మామ్మగారుండేవారు. కరెంటు పోతే తన విసనకర్ర నా వైపు తిప్పి విసిరేవారు, తనకేమో చెమటలు. ఆవిడ బాబాయిని చూసి, "పినతండ్రంటే ఇట్టా ఉండాలమ్మా. అదృష్టవంతురాలివి" అన్నారు. నేను తల ఊపాను.

గుడివాడ నుంచి వచ్చాక అమ్మతో చేపమందు మాట చెప్పాను. "కంగారులో ఏదో అనుంటారులే, తర్వాత దిద్దిస్తార్లే" అంది. తర్వాత అంటే ఎప్పుడో నేనూ అడగలేదు.

సెప్టెంబరులో నన్ను గుడివాడ తీసుకొచ్చేశారు. మంచం మీంచి లేచి గుమ్మం దాకా వెళ్తే దమ్ము వచ్చేది. తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తలేను. అగరుబత్తి వెలిగిస్తే దగ్గు, పోపు వేస్తే దగ్గు. అమ్మ నా కోసం తిరగమోత మానేసింది, చప్పటి కూరలు ఇద్దరం నోరు మూసుకుని తిన్నాం. అలాంటి రోజుల్లో కంపెనీ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఉబ్బసం ఉన్న సంగతి దాచిపెట్టి చేరావు కాబట్టి నీ అప్రెంటిస్‌షిప్ రద్దు చేశాం, నీ జబ్బుకీ మా కంపెనీకీ సంబంధం లేదు అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. "మీ బాబాయి గారే చెప్పారు కదమ్మా" అన్నాడు.

బాబాయికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"బాబాయ్, చేపమందుకి మనం ఎవరి కోసం వెళ్ళాం?"

"ఇప్పుడవన్నీ ఎందుకే అమ్మలూ? ముందు నీ ఆరోగ్యం చూసుకో."

"ఎవరి కోసం వెళ్ళామో చెప్పు."

"చూడూ, కంపెనీ తప్పని తేలితే ముందు నా ఉద్యోగం పోతుంది. సేఫ్టీ నాదే కదా. నీకు రేపు ఇంకో ఉద్యోగం చూస్తాను. ఇంట్లో మాట ఇంట్లో ఉండనీ" అని పెట్టేశాడు.

కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది? నేను గట్టిగా ఏడవాలనుకున్నాను. ఏడుపుకి కూడా ఊపిరి చాలక దగ్గుతో ఆగిపోయింది. మోసపోయానని తెలిసిన రోజున మనసారా ఏడ్చే వీల్లేకపోవడం అన్నిటికంటే కష్టం.

గుడివాడలో ఛాతీ డాక్టరు గారి దగ్గర వెయిటింగ్ హాల్లో నేను ఎన్ని గంటలు కూర్చున్నానో. అక్కడ అందరూ ఒకేలా కూర్చుంటారు, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి. ఎవరూ ఎక్కువ మాట్లాడరు, మాటలు ఖరీదు. నంబరు ముందున్న ఒక రైస్ మిల్లు ముఠా మేస్త్రి నా పెదాలు చూసి, "పాప ముందు వెళ్ళనీండి" అని తన వంతు ఇచ్చేశాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

గొట్టంలో ఊదించి, ఎక్స్‌రేలు చూసి డాక్టరు గారు ఉన్నమాట చెప్పారు. "ఇది ఘాటు గ్యాసు పీల్చడం వల్ల వచ్చినట్టుంది. కానీ చిన్నప్పటి నుంచీ ఉందని మీ ఇంటి మనిషే చెప్పారంటున్నారు. చిన్నప్పుడు నిన్ను నేను చూడలేదు కదమ్మా. లేదని నీ చిన్నతనం తెలిసిన పెద్దవాళ్ళు చెప్పాలి."

నా చిన్నతనం తెలిసిన పెద్దవాళ్ళు ముగ్గురు. బాబాయి, పిన్ని, అమ్మ. అమ్మని అడిగితే దణ్ణం పెట్టేసింది. "నన్ను ఇందులోకి లాగొద్దే. ఆయన ఉద్యోగం పోతే మీ పిన్ని గతేంటి? మీ నాన్న పోయినప్పుడు మన గుమ్మంలో నిలబడ్డది ఎవరు?" అంది. నేను పళ్ళెం నెట్టేశాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ రెండు రోజులూ కూడా వేళకి నా ఇన్‌హేలరు, నీళ్ళు మంచం పక్కన ఉండేవి.

ఊరుకునేదాన్నేమో కూడా. దసరా అయ్యాక మేరీ అక్క ఫోన్ చేసింది. "కొత్త పిల్లల్ని తీసుకున్నారమ్మా. నీ తొట్టి దగ్గర చల్లపల్లి పిల్లని పెట్టారు. వంగి పీల్చమని నీకు చెప్పినట్టే చెబుతున్నాడు మీ బాబాయి" అంది. నేను ఉబ్బసం మనిషినని తేలిపోయింది కదా, ఇక తొట్టిదేం తప్పు? ఆ అబద్ధం నిలబడినంతకాలం ఆ ఫ్యాను తిరగదు, ఆ బీరువా తెరవరు. ఆ సాయంత్రమే ఫ్యాక్టరీల శాఖకి ఫిర్యాదు రాసి పంపించాను.

విచారణకి బందరు రమ్మన్నారు. ముందు రోజు పిన్ని సున్నుండల డబ్బాతో దిగింది. నా తల నిమిరి, అమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది.

"అక్కా, నువ్వైనా చెప్పవే దానికి. ఆయనకి మాత్రం ఏం తెలుసు? ఆ పౌడర్ ఇంత పని చేస్తుందని తెలిస్తే సొంత పిల్లలాంటి దాన్ని పెడతారా?"

"నేనూ అదే అంటున్నానే" అంది అమ్మ. "తెలియకే జరిగుంటుంది. అసలు శ్రావణిని కూడా చేర్పించండి, ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళొస్తారని నేనే అన్నాను కదా అప్పుడు."

"దాన్నెలా పంపిస్తామక్కా?" అంది పిన్ని ముక్కు తుడుచుకుంటూ. "దానికి ఆ గాలి పడదన్నారు ఆయన. ఆ ఘాటు నాలుగు రోజులు పీల్చిందంటే ఆయాసం తిరగబెడుతుందని..."

ఆగిపోయింది. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడకి కూడా తను ఏమన్నదో అన్నాకే వినబడిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. అమ్మ లేచి లోపలికి వెళ్ళి, రేపు కట్టుకోవడానికి చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

విచారణ తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. పౌడర్ గదిలో కొత్త ఫ్యాను పెట్టారు. మాస్కులు, పట్టీలు బీరువా దాటి తొట్టి దగ్గరికి వచ్చాయి. చల్లపల్లి పిల్ల దగ్గట్లేదట, మేరీ అక్క చెప్పింది. నా మందుల ఖర్చు పెట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. నా ఊపిరి ముప్పాతిక వంతు వచ్చిందంటున్నారు డాక్టరు గారు. మిగతా పాతిక వస్తుందో రాదో ఆయనకీ తెలియదు. కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పగలిగేది ఇంతే: మీకు పని నేర్పేవాడి బాధ్యత మిమ్మల్ని మర్యాదగా "అమ్మా" అని పిలవడంతో తీరిపోదు. సేఫ్టీ పాఠంలో ఏం చెప్పారో కాదు, ఏం వదిలేశారో చూసుకోండి. దగ్గు మొదలైన రోజే బయటి డాక్టరుకి చూపించుకోండి. చుట్టమైతే రెండుసార్లు అడగండి.

విచారణ రోజున గదిలో బల్లకి అటు ఆఫీసరు మేడం, ఇటు మేము. బాబాయి పక్కన కంపెనీ మనిషి. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆసుపత్రిలో చెప్పినంత మామూలుగానే మళ్ళీ చెప్పాడు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసమండీ, చేపమందు కూడా మింగించాం, మేమే దగ్గరుండి తీసుకెళ్ళాం. నా వైపు చూడలేదు.

మేడం అమ్మ వైపు తిరిగారు. "మీ అమ్మాయికి చిన్నప్పుడు ఆయాసం ఉండేదా అమ్మా?"

"లేదండీ" అంది అమ్మ. "ఆయాసం ఉన్నది వీళ్ళ అమ్మాయికి. చేపమందుకి వెళ్ళింది దాని కోసం. ఆ గాలి పడదనే ఈయన తన కూతుర్ని ఆ కంపెనీలో పెట్టలేదు. నా కూతుర్ని పెట్టారు."

"వదినా, ఏం మాటలవి?" అన్నాడు బాబాయి.

నేను అడుగుదామనుకున్నవి చాలా ఉన్నాయి. మంచం మీద పడుకుని నెలల తరబడి తయారుచేసుకున్నవి. ఒక్కటే వచ్చింది. "బాబాయ్, శ్రావణికి పడని గాలి నాకు పడుతుందని ఎలా అనుకున్నావు?"

అప్పుడు చూశాడు నా వైపు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే, ఆ సంగతి నాకు తెలుసు.

"నువ్వు దానిలా కాదు కదే అమ్మలూ" అన్నాడు. "చిన్నప్పట్నుంచీ నువ్వు ఒక్క రోజు దగ్గిందానివి కాదు. గట్టి పిల్లవి. తట్టుకుంటావనుకున్నాను."

కంపెనీ మనిషి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మేడం పెన్ను తీసి, "ఆ మాట ఇంకోసారి చెప్పండి, రాసుకోవాలి" అన్నారు.

బాబాయి బదులు అమ్మ చెప్పింది, ఒక్క అక్షరం పోకుండా.